మంచులో ముగ్గురు ఆడవాళ్ళు

ఆ ఏడాది టోక్యోలో మంచు ముందే పడింది. కాండా వీధిలో నూడుల్స్ కొట్టు పైన ఉన్న మురోతా డిటెక్టివ్ ఆఫీసుకి మెట్లెక్కి వచ్చేవాళ్ళే కరువయ్యారు. చలికి దొంగలు కూడా ముసుగుతన్ని పడుకున్నారని మురోతా వాపోయాడు. ఆయన సహాయకురాలు యోనె ఆ మాటకి నవ్వింది. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో శుభ్రమైన ఉద్యోగం వదులుకుని ఆయన దగ్గర చేరిన మనిషి ఆమె. మురోతా గారు పట్టుకోలేని నిజం ఈ లోకంలో లేదని ఆమె గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి ఆ వారమే ఆఖరి వారమని ఆమెకి అప్పటికి తెలియదు.

పొద్దున్నే తలుపు తోసుకుని ఒకమ్మాయి వచ్చింది. నెలలు నిండవస్తున్న మనిషి. ముసుగు మీద మంచు దులుపుకోవడం కూడా మరిచిపోయి, గుమ్మంలోనే చతికిలబడింది.

"మురోతా గారంటే మీరేనా అండీ? మా ఆయన్ని పోలీసులు పట్టుకుపోయారు. మా నాన్నని చంపాడంటున్నారు."

యోనె ఆమెని లేవదీసి కుర్చీలో కూచోబెట్టి వేడి టీ ఇచ్చింది.

ఆమె పేరు షినో. భర్త కంజిరోకి హోంజోలో బొగ్గుల కొట్టు. తండ్రి గెంజో పేరున్న అచ్చు మేస్త్రి. చిత్రకారుడు గీసిన బొమ్మని చెక్కుడు మేస్త్రి చెక్క మీద చెక్కి ఇస్తే, దానికి రంగులు పూసి, తడి కాగితం పరిచి, అరచేతిలో ఇమిడే దిమ్మెతో రుద్ది, ఒక్కొక్క రంగే ఎక్కించే పని ఆయనది. కొత్తగా ఒక బొమ్మ వచ్చింది. మంచు పడే సాయంత్రం వంతెన మీద గొడుగులు పట్టుకుని నడుస్తున్న ముగ్గురు ఆడవాళ్ళు. నూతన సంవత్సరానికి దుకాణాల్లో ఉండాలని ప్రచురణకర్త తొందరపెడుతున్నాడు. అందుకని గెంజో పని గదిలోనే పడుకుంటున్నాడు. మొన్న పొద్దున ఆయన పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. గది మధ్యలో కుంపటి, దాన్నిండా బూడిద. బొగ్గుల గాలి ఊపిరాడనివ్వకుండా చేసిందని డాక్టరు చెప్పాడు.

"ప్రమాదం అనొచ్చు కదా?" అన్నాడు మురోతా.

"మా నాన్న ఆ గదిలోకి నిప్పు రానివ్వడండీ. చుట్ట కూడా బయటే కాల్చుకుని రమ్మంటాడు. తడి కాగితానికి సెగ తగిలితే ముడుచుకుపోతుంది. తరవాత ఏ రంగూ దాని చోట పడదు. పెదాలకి వెయ్యాల్సిన ఎరుపు గడ్డం మీద పడుతుంది. చలికి వేళ్ళు కొంకర్లు పోయినా కుంపటి వద్దనేవాడు."

"మరి మీ ఆయనకీ ఆయనకీ ఏమిటి తగువు?"

"అదే తగువు! ముందురోజు సాయంత్రం బొగ్గుల బస్తా తెచ్చి వంటింట్లో వేస్తూ అరిచాడట. 'ఈ చలికి చస్తావు మామయ్యా, ఏదో ఒకరోజు నేనే నీ గదిలో కుంపటి పెట్టి తలుపేస్తా' అని. పక్కింటివాళ్ళు విన్నారు. కోపం కాదండీ, అది ఆయన ముద్దు. ఆయనకి ముద్దుగా మాట్లాడటం రాదు."

మురోతా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. "ఆ బస్తా మీ ఆయన ఎవరడిగితే తెచ్చాడు?"

"'నన్నెవరూ అడగలేదు, ఊరికే ఇచ్చాను' అని పోలీసులకి చెప్పాడట." ఆమె ఏడుపులోనే విస్తుపోయింది. "ఎందుకలా చెప్పాడో నాకూ తెలియదు. మా ఆయన పిల్లికి బిచ్చం పెట్టడండీ. నాతో పుట్టింటికి బూడిద పంపినా వెల కడతాడు."

తండ్రి పోయిన రాత్రి షినో తన ఇంట్లోనే, జ్వరంతో ఉన్న అత్తగారి పక్కన కూచుని ఉంది. డాక్టరు కూడా అక్కడే ఉన్నాడు. కంజిరో మాత్రం కొట్టులో పడుకున్నానన్నాడు, దానికి సాక్ష్యం లేదు.

"చూడమ్మా," అన్నాడు మురోతా లేస్తూ. "నేను నిజం వెతుకుతాను. అది ఎటు పోతే అటు పోతాను. నీకు కావలసింది నిజమా, మీ ఆయనా?"

"రెండూ ఒకటే కదండీ!" అంది షినో.

మురోతా కోటు తగిలించుకున్నాడు.

*

పోలీసు స్టేషన్లో ఇన్‌స్పెక్టర్ ఇనాగాకి మురోతాకి పాత స్నేహితుడు. ఎదురుపడితే ఎత్తిపొడుపులే తప్ప పలకరింపులుండవు.

"వచ్చావా! ఏ గాలి వీచినా నీ ముక్కుకి ముందు తెలుస్తుందే. ఇందులో నీకు పనిలేదు నాయనా. కుంపటి పెట్టి తలుపేస్తానన్నాడు, పెట్టి తలుపేశాడు. రేపు సాయంత్రం పెద్ద జైలుకి పంపేస్తున్నా."

"ముందు గదిలోకి వెళ్ళింది నువ్వేగా. ఏం చూశావు?"

"ఏముంది చూడటానికి? మధ్యలో కుంపటి. గోడవార పరుపు మీద ముసలాయన. రోజూ పడుకునేముందు ఒక చెంబు సారా తాగుతాడట, మత్తులోనే పోయాడు. కష్టపడలేదులే." ఇనాగాకి గొంతు తగ్గించాడు. "నా సంగతే బాలేదు. కాళ్ళు లాగుతున్నాయని అవతలి మూల దిండులాంటి మూట కనిపిస్తే కూచున్నా. తడి మూట! లాగు వెనకంతా నానిపోయింది. స్టేషన్‌కొచ్చేదాకా మా కానిస్టేబుళ్ళు నా వెనకే నడుస్తూ ఒకటే ఇకిలింపులు."

యోనె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మురోతా మాత్రం నవ్వలేదు. "కుంపటికి దూరంగా ఉన్న మూలా అది?"

"గదిలో అంతకన్నా దూరం లేదు. ఇప్పుడు నా లాగు కూడా సాక్ష్యమా?"

"దాన్ని ఉతికించకపోతే బాగుండేది," అన్నాడు మురోతా.

కంజిరోని తీసుకొచ్చారు. ఎడ్లబండిలాంటి మనిషి. బొగ్గు మసి గోళ్ళలో అలాగే ఉంది. మురోతా ఏమడిగినా నేలకేసే చూస్తున్నాడు.

"బొగ్గులు ఎవరు తెమ్మన్నారు?"

"ఎవరూ తెమ్మన్లేదు."

"ఆ గదిలోకి నిప్పు రానివ్వరని నీకు తెలుసుగా. మరి ఎందుకు తెచ్చావు, అదీ మేలురకం?"

"తెచ్చాను. అంతే."

"మీ ఆవిడ నెలలు నిండిన మనిషి. నీకోసం మంచులో నడిచొచ్చింది."

అప్పుడు తలెత్తాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "దాన్ని ఇంటికెళ్ళి పడుకోమనండి. మీరూ వెళ్ళండి బాబూ. ప్రమాదం అని రాసుకుంటే అందరికీ మంచిది."

బయటికొచ్చాక యోనె అంది, "తప్పు చేసినవాడిలా లేడండీ."

"తప్పు చేసినవాణ్ణి ఎరిగినవాడిలా ఉన్నాడు," అన్నాడు మురోతా.

*

గెంజో ఇల్లు కాలవ గట్టు మీద, ఇరుకు సందు చివర ఉంది. షినో వాళ్ళని లోపలికి తీసుకెళ్ళింది. ముందు గదిలో తెల్లగుడ్డ చుట్టిన అస్థికల పెట్టె, దాని ముందు అగరువత్తులు. గెంజో భార్య ఒరికు వచ్చి నేలకు తల ఆనించి నమస్కరించింది. చిన్న మనిషి. చేతులు మాత్రం మోచేతుల దాకా నాని, పగిలి, వాచి ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఈ ఇంట్లో కాగితం తడిపేది ఆమేనని షినో చెప్పింది. ఎంత తడి కావాలో చెంపకి ఆనించుకుని చెబుతుందట.

"రాత్రి ఎవరైనా వచ్చిన చప్పుడైందా అమ్మా?" అని అడిగాడు మురోతా.

"మంచు పడుతుంటే ఎవరొస్తారు బాబూ?"

"మీ అల్లుడు?"

"అతను రాలేదు. పోలీసులకీ అదే చెప్పాను. మా అల్లుడు మంచివాడు." అంతే అని, టీ తేవడానికి లోపలికి వెళ్ళింది.

పని గది చిన్నది. చలిగాలి దూరితే కాగితం ఆరిపోతుందని తలుపు సందులన్నిటికీ కాగితం పేలికలు అంటించి ఉన్నాయి. పాడైన అచ్చుల్ని చీల్చి, ప్రతి చలికాలం అలా అంటించడం ఒరికు పనేనని షినో అంది. పేలికల మీద ఏవేవో బొమ్మల ముక్కలు: ఒక చోట గుర్రం కాలు, ఒక చోట సగం కొండ. అన్నీ పసుపుపచ్చబడ్డాయి. ఒక్కటి మాత్రం తెల్లగా, కొత్తగా ఉంది. దానిమీద నల్లగీతల్లో ఒక ఆడమనిషి కన్ను, కంటి కింద చిన్న పుట్టుమచ్చ.

అవతలి మూల ఆ తడి మూట అలాగే ఉంది. మురోతా విప్పాడు. పైన ఒక తడిగుడ్డ, దాని కింద ఇంకో తడిగుడ్డ, అంచులు లోపలికి మడిచి చంటిపిల్లని చుట్టినట్టు చుట్టి ఉన్నాయి. లోపల కాగితాలు మెత్తగా, చల్లగా ఉన్నాయి.

"మీ నాన్న పోయి మూడోరోజు. ఇంకా తడిగా ఎలా ఉన్నాయి?" అన్నాడు.

"అమ్మ గుడ్డలు మారుస్తోందండీ. ఫుకాగావా నుంచి ఎవరో మేస్త్రి వచ్చి పూర్తి చేస్తానన్నాడట. వద్దమ్మా, ఇప్పుడెందుకు అంటే వినదు."

"మీ నాన్న ఈ దొంతర ఎక్కడ పెట్టుకునేవాడు?"

"పని బల్ల పక్కనే, కుడిచేతి వైపు. ఇదిగో ఇక్కడ." ఆమె చూపించిన చోటికి కుంపటి పెట్టిన చోటు బెత్తెడు దూరం.

మురోతా పై కాగితం ఎత్తి పట్టుకున్నాడు. యోనె దగ్గరికి వచ్చి చూసింది. ముగ్గురు ఆడవాళ్ళు వంతెన మీద ఒకరినొకరు ఆనుకుని నడుస్తున్నారు. తలా ముఖమూ ముసుగుల్లో దాగి కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి. మంచుకి రంగు వెయ్యలేదు. కాగితాన్నే మంచుగా వదిలేశారు. ఆకాశం రంగు ఇంకా పడలేదు. చూస్తుంటే యోనెకి కారణం లేకుండా గుండె బరువెక్కింది.

"యోనె, నడిమి మనిషి కళ్ళు చూడు," అన్నాడు మురోతా మెల్లగా.

కళ్ళు అవే, తలుపు సందులో ఉన్నవే. కానీ పుట్టుమచ్చ లేదు. మురోతా గోడకి ఆనించిన అచ్చు చెక్కని తిప్పి, వేలితో తడిమాడు. కంటి కింద ఒకచోట కత్తితో గీకిన గాటు, చెక్క రంగు అక్కడ కొత్తగా ఉంది.

"నీకు తోబుట్టువులు ఉన్నారా?" అని షినోని అడిగాడు.

"ఒక చెల్లెలండీ, ఫుమి. పెద్ద భూకంపంలో ఇల్లూ చెక్కలూ అన్నీ కాలిపోయాయి కదా. ఆ ఏడాదే షిన్షూలో పట్టుదారం తీసేవాళ్ళెవరో పిల్లల్లేక పెంచుకుంటామంటే నాన్న ఇచ్చాడు. బాగా ఉన్నవాళ్ళట. నాన్నే ఏడాదికోసారి వెళ్ళి చూసొచ్చేవాడు."

వెనక పళ్ళెంలో టీ కప్పులు చిన్నగా చప్పుడు చేశాయి. గుమ్మంలో ఒరికు నిలబడి ఉంది.

*

చిత్రకారుడు బైకేయి ఉయెనోలో ఉంటాడు. కోపిష్టి మనిషి. పుట్టుమచ్చ పేరెత్తగానే అగ్గి మీద గుగ్గిలం అయ్యాడు.

"గీకేశాడండీ! గెంజో తన చేత్తో గీకేశాడు! ముందు తీసిన నల్లగీతల నమూనాలో మచ్చ ఉంది. తరవాత చూస్తే లేదు. చెక్కుడు మేస్త్రి కత్తి పెట్టిన చోట అచ్చు మేస్త్రి గోరు కూడా పెట్టకూడదు. ఆ మాత్రం తెలియనివాడా? ఎందుకు చేశావయ్యా అంటే తల వంచుకుని నిలబడ్డాడు. నమూనాలన్నీ కాల్చేశానన్నాడు."

"ఆ మచ్చ ఎవరిది?"

బైకేయి గొంతు దిగింది. "నది అవతలి సానివాడలో ఒక పిల్ల. ముగ్గుర్ని కలిపి గీశాను, నడుమ నిలబెట్టింది ఆమెని. పోయిన వసంతంలో ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. బొమ్మ చూసుకోలేదు."

"ఈ సంగతి ఇంకెవరైనా అడిగారా?"

"అడిగారే. పోయినవారం ఒక పెద్దావిడ వచ్చింది. ఎవరో నాకు తెలియదు. చిరుగు కాగితం ముక్క చూపించి, ఈ అమ్మాయి ఎక్కడుంది బాబూ అంది. మీకు చెప్పిందే చెప్పాను. దండం పెట్టి వెళ్ళిపోయింది. ఏడవను కూడా లేదు."

తిరిగొచ్చే ట్రాములో మురోతా కిటికీ పక్కన కూచున్నాడు. కేసు తేలిపోయిన రోజున ఆయన యోనెకి వేయించిన చిలగడదుంపలు కొనిపెట్టడం మామూలు. దుంపల బండి దాటి పోయినా ఆయన తల తిప్పలేదు.

"రేపు మధ్యాహ్నం అందర్నీ పని గదికి రమ్మను," అన్నాడు చివరికి. "యోనె, ఈ పని మానేసి నూడుల్స్ కొట్టు పెట్టుకుంటే ఎలా ఉంటుందంటావు?"

ఆమె నవ్వబోయి ఆగింది. ఆయన హాస్యానికి అనలేదు.

*

మర్నాడు పని గదిలో అందరూ చేరారు. ఇనాగాకి కంజిరోని వెంటబెట్టుకొచ్చి తలుపు దగ్గర కూచున్నాడు. బైకేయి ఒక పక్క, షినో, ఒరికు ఒక పక్క. షినో ముఖంలో ఆశ వెలుగుతోంది. భర్త వైపు చూసి, ఇంకాసేపే అన్నట్టు తల ఊపింది. అది చూడలేక యోనె కిటికీ వైపు తిరిగింది.

"ఇది ప్రమాదం కాదు," అని మొదలుపెట్టాడు మురోతా. "గెంజో మేస్త్రి ఈ గదిలోకి తనంతట తాను నిప్పు తేడు. మత్తుగా నిద్రపోయాక ఎవరో వంటింటి కుంపటి తెచ్చి, దాన్నిండా బొగ్గులు పోసి, తలుపు వేశారు. కంజిరో పెట్టాడని ఇన్‌స్పెక్టర్ గారి ఊహ. పెట్టి ఉండొచ్చు. కానీ ఇన్‌స్పెక్టర్ గారి లాగు ఒప్పుకోదు."

ఇనాగాకి గొంతు సవరించుకున్నాడు.

"కాగితాల దొంతర పని బల్ల పక్కన ఉండేది. కుంపటి అక్కడే పెట్టారు. తెల్లారేసరికి దొంతర ఆ మూలకి వెళ్ళింది, అదీ రెండు తడిగుడ్డల్లో. రాత్రంతా బొగ్గులు మండిన గదిలో లాగు నానిపోయేంత తడి మిగిలిందంటే, ఆ గుడ్డలు పిండకుండా, నీళ్ళోడుతూ చుట్టినవి. మేస్త్రి మామూలుగా చుట్టుకునేది ఒక్క గుడ్డ, గట్టిగా పిండి. సెగ వస్తుందని ముందే తెలిసినవాళ్ళే అలా చుడతారు. అంటే చంపినవాళ్ళకి మేస్త్రి మీద జాలి లేదు, కాగితం మీద ఉంది. బొగ్గుల వ్యాపారికి కాగితం చావు ఏం తెలుస్తుంది? ముప్ఫై ఏళ్ళు కాగితం తడిపిన చేతులకి తెలుస్తుంది. మనిషి ప్రాణం తీస్తూ కూడా ఆ చేతులు అలవాటు తప్పలేదు."

షినో తల్లి చేతుల వైపు చూసింది.

"కంజిరో ఊరికే బొగ్గులు ఇచ్చేవాడు కాదు. అత్తగారు అడిగితే తెచ్చాడు. మామగారు పోయాడనగానే అతనికి అర్థమైంది. అందుకే నోరు కట్టుకున్నాడు." మురోతా షినో వైపు తిరిగాడు. "షినో, మీ చెల్లెలు షిన్షూ వెళ్ళలేదమ్మా. భూకంపంలో అంతా పోయాక, మళ్ళీ బల్లా పనిముట్లూ కొనుక్కోవడానికి మీ నాన్న ఆమెని నది అవతలి వాడలో అమ్మేశాడు. ఈ బొమ్మ చేతికొచ్చినప్పుడు ఆ మచ్చని బట్టి గుర్తుపట్టాడు. ప్రతి కాగితం మీ అమ్మ చేతిమీదుగా పోతుంది కదా, ఆమె కంటబడకూడదని పుట్టుమచ్చ గీకేసి నమూనాలు కాల్చాడు. ఒకటి తప్పిపోయి చిరుగు కాగితాల్లో కలిసింది. దాన్ని తలుపు సందుకి అంటించబోతూ మీ అమ్మ చూసింది. ముందు బైకేయి గారికి చూపించి, తరవాతే అంటించింది."

ఒరికు అంతసేపూ ఒళ్ళో చేతులు పెట్టుకుని వింటోంది, పక్కింటివాళ్ళ కథ వింటున్నట్టు.

"అన్నీ సరిగ్గానే చెప్పావు బాబూ," అంది. "ఒక్కటే తప్పు. అలవాటు కాదు. ఆ కాగితాల మీద నా పిల్ల ఉంది. సెగ తగులుతుందని పక్కకి తీసి కప్పాను."

మురోతా తల వంచుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టిన మనిషిని యోనె చూడటం అదే మొదటిసారి.

"అల్లుణ్ణి చావనిచ్చేదాన్ని కాదు. ఎల్లుండి ఫుకాగావా మేస్త్రి వస్తాడు, ఆకాశం వేస్తాడు. పిల్ల బొమ్మ నిండుగా ఒక్కసారి చూసుకుని స్టేషన్‌కి వచ్చేద్దామనుకున్నాను."

"ఎందుకు విప్పావయ్యా ఇదంతా?" కంజిరో ఒక్కసారిగా అరిచాడు. "నేనేమన్నా విప్పమన్నానా? నన్ను జైల్లో పెడితే పెట్టేవాళ్ళు, తిరిగొచ్చేవాణ్ణో పోయేవాణ్ణో! దానికి అమ్మన్నా మిగిలేది కదా!"

"అమ్మా," అంది షినో. "అమ్మా, నాతో ఎందుకు చెప్పలేదే?"

"నీ కడుపులో ఒకటుంది కదే," అంది ఒరికు. తరవాత బైకేయి వైపు తిరిగింది. "బాబూ, ఆవేళ ఒకటి అడగడం మరిచిపోయాను. ఏటా చలికాలం దానికి దూదికోటు కుట్టి, షిన్షూ పంపమని ఆయన చేతికిచ్చేదాన్ని. ఎక్కడ అమ్ముకున్నాడో ఏమో. నా పిల్లకి అక్కడ ఒంటిమీద వెచ్చగా ఏమన్నా ఉండేదా?"

బైకేయి ముఖం పాలిపోయింది. అబద్ధం చెప్పడం చేతకాని మనిషి.

"ఉండేదమ్మా. నీలిరంగు దూదికోటు. చలికాలమంతా విప్పేది కాదు. 'మా అమ్మ కుట్టింది' అని అందరికీ చూపించేది. 'మా నాన్న మంచులో నడిచి తెచ్చి, వాడ కంచె దగ్గర నా చేతికిచ్చి, ఏడ్చి వెళ్ళాడు' అనేది."

"ఒక్కసారా?"

"ప్రతి ఏడూ కొత్తది ఉండేదమ్మా."

ఒరికు కళ్ళు గోడవార భర్త పడుకునే ఖాళీ పరుపు మీదికి వెళ్ళాయి.

"అయితే నాతో అబద్ధమాడాడు గానీ, కోట్లు దానికే ఇచ్చాడన్నమాట," అంది. "ఒక్క మాట అడగాల్సింది. కుంపటి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డప్పుడన్నా లేపి అడగాల్సింది. నేను అడగలేదు."

అప్పటిదాకా చుక్క కన్నీరు రాని మనిషి పరుపు మీదికి ఒరిగి, గుండెలు బాదుకుంటూ భర్తని పేరు పెట్టి పిలిచి ఏడ్చింది. షినో బరువైన ఒంటితో పాకుతూ వెళ్ళి తల్లిని పట్టుకుంది. కంజిరో గోడకి తల ఆనించి నిలబడ్డాడు. ఇనాగాకి టోపీ తీసి చేతిలో నలుపుతూ, చేసేది లేక కాలవ వైపు చూస్తూ ఉండిపోయాడు.

పొద్దు వాలుతుండగా ఒరికుని తీసుకెళ్ళారు. కాలవ గట్టు మీద మంచు గట్టిపడి జారుతోందని ఇనాగాకి ఆమెకి చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు.

మురోతా చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఏదో ఒకటి అనాలని ఆయన తంటాలు పడటం యోనె చూసింది. షినో వచ్చి, సంప్రదాయం తప్పకుండా నడుము వంచి నమస్కరించింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"మీరు చెప్పిందంతా నిజమేనండీ," అంది. "ఇంక వెళ్ళండి."